గ్లాడియోలస్ పూలలో తెల్ల చారలు, ఆకుల్లో గీతలు: నాలుగుసార్లు మందు కొట్టినా ఆగలేదు, దుంపలు దాచుకోవచ్చా?

చేవెళ్ల_పూలరైతు · జనవరి 4, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది చేవెళ్ల దగ్గర ఒక పల్లె. మూడేళ్లుగా 15 గుంటల్లో గ్లాడియోలస్ వేస్తున్నాం. మొదటి ఏడు దుంపలు కొన్నాం. ఆ తర్వాత నుంచి పంట అయిపోగానే మా దుంపలే తవ్వి, నీడలో ఆరబెట్టి, కోల్డ్ స్టోరేజీలో పెట్టి మళ్లీ నాటుకుంటున్నాం. ఈసారి సుమారు 20 వేల దుంపలు పెట్టాం. అందులో 12 వేలు అమెరికన్ బ్యూటీ అనే గులాబీ రంగు రకం, మిగతావి తెల్ల రకం.

డిసెంబర్ రెండో వారంలో మొదటి కాడలు విచ్చుకున్నాయి. గులాబీ రేకుల మీద సున్నంలో ముంచిన కుంచెతో గీసినట్టు తెల్ల చారలు. కొన్ని కాడలు మోకాలు ఎత్తు కూడా రాలేదు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి తీసుకుపోతే కట్టలు విప్పి చారలున్నవి పక్కన పెట్టేశారు, వాటికి సగం ధర కూడా రాలేదు. ఆకుల్లో లేత పసుపు, ముదురు ఆకుపచ్చ గీతలు కలగలిసి ఉన్నాయి. తెల్ల రకం పూలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

మందుల షాపులో అడిగితే ఆకు రసం పీల్చే పేనుబంక పురుగు అన్నారు. ఇచ్చిన మందు 25 రోజుల్లో నాలుగుసార్లు కొట్టాను. పేనుబంక చచ్చింది, కళ్లారా చూశాను. చారలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. మా గట్టు పక్కనే వేరేవాళ్ల ఫ్రెంచ్ బీన్స్ ఉంది.

ఇది వైరసేనా? దీనికి మందు ఉందా? ఈ దుంపలు వచ్చే ఏటికి దాచుకోవచ్చా? మా ఇంట్లో ఆమె పారేద్దామంటుంది. పైసలు పెట్టి కొన్నవి ఎట్ల పారేస్తావురా అని మా అమ్మ. రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్.

పాలమూరు_శ్రీను · జనవరి 4, రాత్రి 9:42

అన్నా, తామర పురుగేమో చూడు. గ్లాడియోలస్‌కి అది బాగా పడుతుంది. రేకుల మీద తెల్ల చారలు దానివల్ల కూడా వస్తాయి. మాకు రెండేళ్ల కింద అట్లనే అయింది.

ఉద్యాన_విద్యార్థిని · జనవరి 4, రాత్రి 10:15

శ్రీను గారు చెప్పింది ముందు తేల్చుకోవాలి. రెండూ చూపుకు దగ్గరగానే ఉంటాయి. రేపు పొద్దున ఇవి చూసి చెప్పండి అన్నా.

ఇంకా విచ్చుకోని మొగ్గను తెల్ల కాగితం మీద దులపండి. సన్నని, పొడుగాటి పురుగులు పాకితే తామర పురుగే. ఆకు మీద వెండి పూత పూసినట్టు మెరుపు, దాని మీద నల్లటి చుక్కలు ఉన్నా అదే. వేలితో రుద్దితే ఆ చుక్కలు ఊడొస్తాయి, అది వాటి రెట్ట. ఇక వైరస్ గీతకు మెరుపు ఉండదు. అది ఆకు పైన గీకింది కాదు కాబట్టి రుద్దినా పోదు, ఆకును వెలుతురుకు అడ్డం పెడితే లోపలి నుంచి కనిపిస్తుంది. సాళ్ల వెంట నడుస్తూ వెతికేటప్పుడు మాత్రం ఎండ నెత్తి మీదికి రాకముందే, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా చూడండి.

చేవెళ్ల_పూలరైతు · జనవరి 5, ఉదయం 8:20

చూశాను చెల్లీ. పది మొగ్గలు దులిపితే రెండే రెండు తామర పురుగులు పడ్డాయి. ఆకు రుద్దితే ఏమీ రాలేదు. వెలుతురుకు పెట్టి చూస్తే గీతలు ఈనెల వెంబడి పోతున్నాయి, మధ్యమధ్య తెగి, చీర అంచు మీద నేత తప్పినట్టు. ఒక సంగతి నన్ను భయపెట్టింది. తెల్ల రకం ఆకులు కూడా అట్లనే పట్టుకుని చూశాను. పూలు బాగున్న మొక్కల్లో కూడా గీతలున్నాయి.

మొక్కల_వైద్యం · జనవరి 5, మధ్యాహ్నం 1:05

30 ఏళ్లు మొక్కల తెగుళ్ల పనిలో ఉండి రిటైరయ్యాను. మీరు రాసినదాన్ని బట్టి ఇది వైరస్ అనే అనిపిస్తోంది. గ్లాడియోలస్‌లో ప్రపంచమంతా ఎక్కువగా కనిపించేది బీన్ ఎల్లో మొజాయిక్ వైరస్, ఆ తర్వాత కుకుంబర్ మొజాయిక్ వైరస్. పేరులోనే బీన్స్ ఉంది చూడండి. ఫ్రెంచ్ బీన్స్, బఠాణీ లాంటి పప్పుజాతి పంటలు మొదటిదానికి ఆశ్రయం. రెండోది దోస, టమాటా, మిరప, అరటి దాకా చాలా పంటల్లో, గట్టు మీద వెన్నదేవి కలుపులో కూడా బతుకుతుంది. ఏ వైరస్సో ఖాయంగా తెలియాలంటే ఎలైసా అనే ల్యాబ్ పరీక్ష చేయించాలి. నాలుగైదు మొక్కల లేత ఆకులు కవర్లో పెట్టుకుని రాజేంద్రనగర్ పూల పరిశోధన స్థానానికి వెళ్లి అడగండి, దారి చూపిస్తారు.

తెల్ల పూల సంగతి. ఎరుపు, గులాబీ, ఊదా పూలలో ఉండే రంగు పదార్థం తయారవకుండా ఈ వైరస్ అక్కడక్కడా అడ్డుపడుతుంది. రంగు తప్పిన చోటే చార. తెల్ల పువ్వుకు తప్పడానికి ఆ రంగే లేదు. అందుకే పువ్వు శుభ్రంగా కనిపించినా మొక్కంతా వైరస్ ఉండొచ్చు. తెల్ల రకాల్లో ఆకు చూసే నిర్ణయించాలి.

ఇప్పుడు మీ మందు ఎందుకు పని చేయలేదో చెప్తాను. ఇది చాలామంది రైతులకు ఎవరూ చెప్పని విషయం. రెక్కల పేనుబంక కొత్త మొక్క మీద వాలగానే సూదిలాంటి నోటితో ఆకును గుచ్చి ముందు రుచి చూస్తుంది. ఆ రుచి చూడటానికి పట్టేది కొన్ని సెకన్లు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు. రోగం ఉన్న మొక్కను అలా గుచ్చితే వైరస్ దాని నోటి కొసకు అంటుకుంటుంది. నచ్చకపోతే లేచి పక్క మొక్క మీద వాలుతుంది, అక్కడ గుచ్చగానే అంటిస్తుంది. మీ మందు రసంలో కలిసి దాన్ని చంపాలంటే గంటలు పడుతుంది. అది చచ్చేలోపు పని అయిపోయింది. కొన్ని మందులు తగిలితే పేనుబంక చికాకు పడి ఇంకా ఎక్కువ మొక్కల మీద తిరుగుతుంది కూడా.

మీ చేలో కాపురం పెట్టిన పేనుబంక కన్నా దారిన పోయే రెక్కల పేనుబంకతోనే ముప్పు ఎక్కువ. గ్లాడియోలస్‌ను తినని రకాలు కూడా వాలి, గుచ్చి, అంటించి వెళ్లిపోతాయి. మీరు వెతికితే ఒక్కటీ కనిపించదు.

ఇంకా ముఖ్యమైనది: వైరస్ సోకిన దుంపను ఏ మందూ బాగు చేయదు. వేడి నీళ్లలో ముంచినా పోదు. పెద్ద దుంపకు, దాని కింద పుట్టిన పిల్ల దుంపలన్నిటికీ వెళ్తుంది. మీ చేలో ఈ ఏడు కనిపిస్తున్న రోగం చాలావరకు పోయిన ఏడు సోకి, దుంపలో దాక్కుని వచ్చింది. పంట చివర్లో సోకిన మొక్క ఆ ఏడు ఏ గుర్తూ చూపించకపోవచ్చు, మరుసటి ఏడు మొలకతోనే బయటపడుతుంది.

చేవెళ్ల_పూలరైతు · జనవరి 5, రాత్రి 8:55

సార్, మీరు రాసింది మా ఇంట్లో ముగ్గురికీ చదివి వినిపించాను. మా అమ్మ ఏమీ మాట్లాడలేదు. అంటే రోగాన్ని మేమే మా చేతులతో నాటుకున్నామన్నమాట.

చారలున్నవి పీకేయమంటారా? కాడ కోసి అమ్ముకుని దుంప పారేస్తే సరిపోదా?

మొక్కల_వైద్యం · జనవరి 5, రాత్రి 9:30

మీ తప్పు కాదు, దుంపలు కొన్నప్పుడు ఎవరూ మీకు ఇది చెప్పలేదు. కానీ ఈ రోజు నుంచి పీకాలి. రోగం ఉన్న మొక్క చేలో నిలబడి ఉన్న ప్రతిరోజూ అక్కడి నుంచి పక్క మొక్కకు పోతూనే ఉంటుంది. కాడ కోసే దాకా ఆగితే పది రోజులు. చారల కాడకు ఎటూ ధర లేదు.

దుంపతో సహా తీయండి. చేత్తో లాగితే కాడ తెగి దుంప లోపల ఉండిపోతుంది, వానలకు మళ్లీ మొలుస్తుంది. పలుగుతో పెకలించండి. పీకినదాన్ని వెంటనే సంచిలో వేయండి, గట్టు మీద పడేస్తే దాని మీది పేనుబంక లేచి వచ్చి మళ్లీ చేలో వాలుతుంది. బయటికి తీసుకెళ్లి లోతుగా పూడ్చండి లేదా ఎండాక కాల్చండి.

లిస్సే_మాధవి · జనవరి 6, తెల్లవారుజామున 3:40

నేను నెదర్లాండ్స్‌లో లిస్సే దగ్గర ఉంటాను, మా సొంతూరు నిజామాబాద్ వైపు. ఏడేళ్లుగా తులిప్, లిల్లీ దుంపలు పండించే పొలంలో పని చేస్తున్నాను. సార్ చెప్పింది ఇక్కడ రోజూ జరిగేదే కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ ఈ పనికి ఒక పేరే ఉంది, జీక్‌జూకెన్. అంటే జబ్బు వెతకడం. ఏప్రిల్, మే నెలల్లో తులిప్ సాళ్ల వెంట వంగి ఒక్కో మొక్కనూ చూసుకుంటూ నడుస్తాం. మొదటి ఏడాది మొదట్లో నాకు ఏ తేడా కనిపించేది కాదు. మా పక్కన ఒక పెద్దాయన, 40 ఏళ్ల అనుభవం, నడుస్తూ నడుస్తూ ఆగి ఒక మొక్కను చూపించేవారు. నేను కళ్లు చిట్లించి చూస్తే ఆకులో దారం పోగంత లేత గీత. నెల తర్వాత నాకూ కనిపించడం మొదలైంది. పసుపు, తెల్ల తులిప్‌లలో పువ్వు చూసి లాభం లేదు, ఆకే చూడాలి. మీ తెల్ల గ్లాడియోలస్ సంగతి చదవగానే అదే గుర్తొచ్చింది. ఇప్పుడు కొన్ని పొలాల్లో కెమెరాలున్న రోబోలు ఈ పని చేస్తున్నాయి, కానీ చాలాచోట్ల మనుషులే. ఒక్కసారి తిరిగితే చాలదు, ఒకే పొలాన్ని మూడు నాలుగుసార్లు చూస్తాం.

దుంపలు అమ్మాలంటే బీకేడీ అనే తనిఖీ సంస్థ వాళ్లు పొలానికి వచ్చి చూడాలి. 1923లో మొదలైంది. రోగం మొక్కలు ఎంత శాతం ఉన్నాయనేదాన్ని బట్టి తరగతి ఇస్తారు, శాతం దాటితే ఆ దుంపలు నాటడానికి అమ్మనివ్వరు. మనదగ్గర దుంపలు అమ్మేవాళ్లను ఇలాంటి కాగితం ఒక్కటైనా అడిగే అలవాటు రావాలని నా కోరిక.

మీకు తెలుసో లేదో, 1630ల్లో ఇక్కడ జనం పిచ్చెత్తి కొన్న చారల తులిప్‌లు ఇలాంటి వైరస్ జబ్బు మొక్కలే. ఆ దుంపలు ఏటేటా చిన్నవై పోయేవి. కారణం ఎవరికీ తెలియదు. 1928లో ఇంగ్లండ్‌లో డొరతీ కేలీ అనే శాస్త్రవేత్త చారల తులిప్ దుంప ముక్కను మామూలు తులిప్ దుంపకు అంటుకట్టి, చార దానికీ వస్తుందని చూపించింది. దాని తర్వాతే పేనుబంక సంగతి తేలింది.

పాలమూరు_శ్రీను · జనవరి 6, ఉదయం 7:15

అక్కా, అక్కడ మందు అసలే కొట్టరా? ఊరికే పీకుడేనా?

లిస్సే_మాధవి · జనవరి 6, మధ్యాహ్నం 2:20

కొడతారు తమ్ముడూ. లిల్లీల్లో వారం వారం మినరల్ ఆయిల్ కొడతారు. అది పేనుబంకను చంపడానికి కాదు. ఆకు మీద సన్నని నూనె పొర ఉంటే పేనుబంక నోటికి వైరస్ సరిగా అంటదు, అంటినా సరిగా దిగదు. కొత్త ఆకు వస్తే దాని మీద నూనె ఉండదు, అందుకే వారం వారం. ఇంకా అసలు విత్తనపు దుంపలను సన్నని వలలు కట్టిన గ్రీన్‌హౌస్‌లో పెంచుతారు, పేనుబంక లోపలికే రాకుండా.

మొక్కల_వైద్యం · జనవరి 6, సాయంత్రం 5:50

మాధవి గారు చెప్పిన నూనె గురించి మన వాతావరణానికి సరిపడేలా కొంచెం చెప్పాలి. పంటల కోసం తయారుచేసిన హార్టికల్చర్ మినరల్ ఆయిల్ మాత్రమే వాడాలి. ఇంజన్ ఆయిల్, వంట నూనె వద్దు. 1 శాతం, అంటే లీటరు నీటికి 10 మి.లీ. ఆకు రెండు వైపులా తడవాలి. ముందు 20 మొక్కల మీద కొట్టి నాలుగు రోజులు చూడండి. మధ్యాహ్నం ఎండలో కొడితే ఆకు మాడుతుంది, చల్లబడ్డాకే కొట్టాలి. గంధకం మందు కొట్టిన చేలో కనీసం 3 వారాలు నూనె జోలికి పోవద్దు. నూనె కూడా రోగాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. చేలో రోగం మొక్కలను ఉంచుకుని నూనె కొట్టడం వృథా.

దీనికన్నా తక్కువ ఖర్చుది చేను చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ రెండు మూడు వరుసలు వేయడం. దుంపలు నాటడానికి మూడు వారాల ముందే వేయాలి. ఎగిరొచ్చే పేనుబంక ముందు ఆ ఎత్తైన వరుస మీద వాలుతుంది. అక్కడ నాలుగైదుసార్లు గుచ్చేసరికి నోటికున్న వైరస్ అక్కడే తుడుచుకుపోతుంది. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు నేల మీద పరిచే వెండి రంగు మల్చింగ్ షీటు కూడా బాగా పనిచేస్తుంది. ఆ మెరుపుకు పేనుబంక దిగలేక పక్కకు పోతుంది. ఆకులు కమ్ముకున్నాక ఆ లాభం ఉండదు.

గుంటూరు_నేలసంపెంగ · జనవరి 7, రాత్రి 10:05

ఇదంతా చదివి రాయకుండా ఉండలేకపోయాను. మాది నేలసంపెంగ (ట్యూబ్‌రోజ్), మీ తెలంగాణలో లిల్లీ అంటారు కదా, మాధవి గారు చెప్పిన లిల్లీ కాదు. ఒకసారి నాటితే మూడేళ్లు చేలోనే ఉంటుంది. రెండో ఏడు నుంచి ఆకుల్లో పొడుగ్గా లేత గీతలు వచ్చాయి. పువ్వు తెల్లది కాబట్టి చార కనిపించలేదు, కాపు మాత్రం తగ్గింది. ఎరువు తక్కువైందని యూరియా వేశాం. ఆకు లేతగా వచ్చి పేనుబంక ఇంకా కమ్మింది. పరీక్ష చేయిస్తే ట్యూబ్‌రోజ్ మైల్డ్ మొజాయిక్ వైరస్ అన్నారు, అది కూడా పేనుబంకతోనే వచ్చేదట.

నేను చేసిన పెద్ద పొరపాటు ఏమిటంటే, అప్పటికే ఆ చేను నుంచి మా బావమరిదికి, ఇంకో ఇద్దరికి నాటుకోవడానికి దుంపలు ఇచ్చాను. ఉచితంగానే ఇచ్చాను, మంచి చేస్తున్నాననుకున్నాను. వాళ్ల చేలూ అలాగే అయ్యాయి. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. అన్నా, మీ దుంపలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అడిగినా ఇవ్వకండి.

ప్రకృతి_సేద్యం_రాజు · జనవరి 8, ఉదయం 6:30

పుల్లటి మజ్జిగ కొట్టి చూడండి. మా ఊళ్లో మిరపకు ముడత వస్తే కొడతాం, ఖర్చు లేనిది.

ఉద్యాన_విద్యార్థిని · జనవరి 8, ఉదయం 9:00

రాజు గారూ, మజ్జిగ కొట్టడం వల్ల చేనుకు చెడు జరగదు. కానీ ఒకసారి లోపలికి వెళ్లిన వైరస్‌ను పైన కొట్టింది ఏదీ తీయలేదు. అన్న దగ్గర ఇప్పుడున్న రోజులు పీకడానికి వాడుకోవాలి. మజ్జిగ మీద నమ్మకంతో పది రోజులు ఆగితే ఆ పది రోజుల్లో పక్క సాళ్లు పోతాయి. పాలు పనికొచ్చే చోటు ఇంకొకటి ఉంది. కాడలు కోసే కత్తి ద్వారా కూడా రసం ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు అంటే అవకాశం ఉంటుంది, వెన్న తీసిన పాలలో కత్తిని ముంచి కోయడం పాత పద్ధతే. పేనుబంకతో పోలిస్తే కత్తితో వచ్చేది తక్కువ, అయినా చేయడం మంచిది.

మిద్దెతోట_సుజాత · జనవరి 8, రాత్రి 7:45

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా మిద్దె మీద 12 అమరిల్లిస్ కుండీలు ఉన్నాయి, రెండింటి ఆకుల్లో పసుపు మచ్చలు. అవీ ఇదేనా? మా అత్తగారు ఇచ్చినవి, పారేయాలంటే ప్రాణం ఒప్పడం లేదు.

మొక్కల_వైద్యం · జనవరి 8, రాత్రి 8:30

అమరిల్లిస్‌కి కూడా పేనుబంకతో వచ్చే మొజాయిక్ వైరస్ ఉందమ్మా. ఆ రెండు కుండీలు ఈ రోజే దూరంగా పెట్టండి. కొత్త ఆకులోనూ మచ్చలు వస్తే వదులుకోవాల్సిందే, మిగతా 10 దక్కుతాయి. అత్తగారి మొక్క ఉండాలంటే శుభ్రంగా ఉన్నదాని పువ్వుకు పుప్పొడి అద్ది విత్తనం కట్టించండి. విత్తనం ద్వారా ఈ వైరస్ సాధారణంగా రాదు, మూడు నాలుగేళ్లకు పూస్తుంది.

చేవెళ్ల_పూలరైతు · జనవరి 21, రాత్రి 9:20

రెండు వారాలు ఇదే పని. మేమిద్దరం, ఇంకో ఇద్దరు కూలీలు, పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా. మూడుసార్లు తిరిగాం. మొదటిసారి 2,600 పీకాం, రెండోసారి 900, మూడోసారి 300. గులాబీలో చారలు చూసి, తెల్లదాంట్లో ఆకు చూసి. మొదటి రోజు మా అమ్మ గట్టు మీద కూర్చుని చూసింది. రెండో రోజు సంచి పట్టుకుని వెనకాలే వచ్చింది. మాకన్నా ఆమెకే గీతలు తొందరగా కనిపిస్తున్నాయి.

పరీక్షలో బీన్ ఎల్లో మొజాయిక్ అని వచ్చింది. బీన్స్ వేసిన పక్క చేనాయనకు కాగితం చూపించాను. వచ్చే ఏడు మా వైపు గట్టున బీన్స్ బదులు మొక్కజొన్న వేస్తానన్నాడు.

మిగిలిన 16 వేల మొక్కలు పచ్చగా ఉన్నాయి. వీటి దుంపలు దాచుకోవచ్చా సార్?

లిస్సే_మాధవి · జనవరి 22, తెల్లవారుజామున 1:15

దాచుకుంటే మళ్లీ పూల కోసం వేసుకోండి, విత్తనపు దుంపలుగా లెక్క పెట్టకండి. చేలో ఇంత రోగం ఉన్నప్పుడు పచ్చగా కనిపించేవాటిలో కొన్నిటికి ఆలస్యంగా సోకి ఉంటుంది.

మొక్కల_వైద్యం · జనవరి 22, ఉదయం 10:40

నేను ఇంకొంచెం గట్టిగా చెప్తాను. గులాబీ రకం మొత్తం వదిలేయండి. ఇన్ని పోయిన చోట మిగిలినవి నమ్మదగ్గవి కావు. తెల్లదాంట్లో బీన్స్ గట్టుకు దూరంగా ఉన్న సాళ్లవి మాత్రం ఉంచుకోండి. ఈ విషయంలో మాధవి గారికి, నాకు కొంచెం తేడా ఉంది, నిర్ణయం మీది. ఏది ఉంచుకున్నా పిల్ల దుంపలు దాచొద్దు. నిల్వలో కూడా దుంపల మీద పెరిగే పేనుబంక ఉంటుంది, పెట్టేముందు పొట్టు తీసి చూడండి. కొత్తవి కొంటే టిష్యూ కల్చర్ నుంచి, అంటే ల్యాబ్‌లో మొక్క కణజాలం నుంచి పెంచినవి అడగండి. అలాంటి మొక్కలకు వైరస్ లేదని ధ్రువీకరించే ఏర్పాటు మన దేశంలో 2006 నుంచి ఉంది, ఆ కాగితం చూపించమనండి.

చేవెళ్ల_పూలరైతు · నవంబర్ 9, రాత్రి 8:10

ఈ చర్చ మళ్లీ పైకి తెస్తున్నాను, చాలామంది మెసేజ్ చేసి ఏమైందని అడిగారు.

గులాబీ మొత్తం వదిలేశాం. తెల్లది 4 వేలు ఉంచుకున్నాం, అవి కిందిచెల్కలో విడిగా ఉన్నాయి. కొత్తవి 2 వేలు కాగితం చూసి కొన్నాం. వాటికి 40 మెష్ (అంగుళానికి 40 కన్నులు) వల కట్టిన చిన్న షెడ్డు వేశాం, తలుపు దగ్గర రెండు తెరలు. చుట్టూ జొన్న మూడు వరుసలు, సెప్టెంబర్ మొదట్లోనే వేశాం, ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. గట్టు మీద వెన్నదేవి మొత్తం పీకించాను. వారానికోసారి సాయంత్రం నూనె కొడుతున్నాం.

నాటి 42 రోజులు. షెడ్డులో 2 వేలల్లో ఇప్పటిదాకా పీకింది 3. బయటి 4 వేలల్లో 170. పొద్దున్నే మా అమ్మే తిరుగుతుంది, గీత కనిపిస్తే ఎర్ర దారం కట్టి వస్తుంది, నేను వెనకాలే పలుగుతో వెళ్తాను.

ఒక సందేహం సార్. ఇంకో రెండు మూడు వారాల్లో కాడలు బయటికి వస్తాయి. నూనె కొనసాగించాలా?

మొక్కల_వైద్యం · నవంబర్ 9, రాత్రి 9:00

షెడ్డులో కాడ కనిపించగానే ఆపేయండి, మొగ్గ మీద నూనె పడితే రేకు మచ్చ పడుతుంది. బయట చేలో కూడా అంతే. కానీ అమ్మగారి ఎర్ర దారం మాత్రం కోతలు అయ్యాక, దుంపలు తవ్వే రోజు దాకా సాగాలి. కోత తర్వాత ఆ నెలన్నరలో సోకేదే వచ్చే ఏటికి దుంపలో దాక్కుంటుంది.

చేవెళ్ల_పూలరైతు · నవంబర్ 9, రాత్రి 9:12

సరే సార్. రేపే ఇంకో ఉండ ఎర్ర దారం తెస్తాను.